ఇంటి బన్నుకు ఇంటి కూలి

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం సభ్యుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మా సంఘంలో పది మందిమి ఉన్నాం. సికింద్రాబాద్‌లో రైల్వే క్వార్టర్లను ఆనుకొని ఉన్న బస్తీ మాది. మాలో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు. పొదుపు పుస్తకంలో అందరి పేర్లూ ఒకే వరుసలో ఉంటాయి. 2025లో మార్చి 30న ఉగాది, ఆ మర్నాడే రంజాన్, ఏప్రిల్ 18న గుడ్ ఫ్రైడే వచ్చాయి. మూడు వారాల్లో మూడు పండుగలు. ఉగాదికి బొబ్బట్లు చేసేవాళ్లు చేశారు. రంజాన్‌కు షీర్ ఖుర్మా మా అందరి ఇళ్లకూ వచ్చింది. గుడ్ ఫ్రైడేకు మాత్రం మేమంతా కలిసి మసాలా బన్నులు చేసి అమ్మాం. ఆ పని ఎట్లా చేశాం, ఏం మిగిలింది, మీలో ఎవరైనా మొదలుపెడితే ఏం చూసుకోవాలి అన్నది చెప్పమని సమాఖ్య అడిగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇది ఎక్కడి బన్ను?

ఈ బన్ను పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ దీన్ని హాట్ క్రాస్ బన్ అంటారు. మైదా, పాలు, వెన్న, దాల్చినచెక్క, జాజికాయ, ఎండుద్రాక్ష వేసి పొంగించిన తీపి బన్ను ఇది. పైన శిలువ గుర్తు ఉంటుంది. యేసు ప్రభువును శిలువ వేసిన రోజు గుడ్ ఫ్రైడే కాబట్టి ఆ గుర్తు. ఆయన దేహానికి పూసిన సుగంధ ద్రవ్యాలను తలచుకోవడానికే ఇందులో మసాలా వేస్తారని పెద్దలు చెబుతారు.

లండన్‌కు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. అక్కడి మఠంలో 1361లో ఒక సన్యాసి ఇట్లాంటి బన్నులు చేసి గుడ్ ఫ్రైడే రోజు బీదవాళ్లకు పంచాడని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఆ ఊరి బన్ను మీద శిలువను పిండితో వేయరు, కత్తితో గాటు పెడతారు.

ఎలిజబెత్ రాణి కాలంలో, 1592లో, లండన్ బజారు అధికారి ఒక ఉత్తర్వు తెచ్చాడు. మసాలా బన్నులు, మసాలా రొట్టెలు రోజూ అమ్మకూడదు. చావు కార్యానికి, గుడ్ ఫ్రైడేకు, క్రిస్మస్‌కు మాత్రమే అమ్మాలి. కాదని అమ్మితే సరుకు జప్తు చేసి బీదవాళ్లకు పంచేస్తారు. బజారులో దొరకనప్పుడు జనం ఇళ్లలోనే చేసుకున్నారని చెబుతారు. ఇళ్లలో చేసింది ఎవరు? మనలాంటి ఆడవాళ్లే కదా.

ఇంకో కథ కూడా ఉంది. లండన్‌లో బో అనే పేటలో ఒక విధవరాలి కొడుకు ఓడ మీద పనికి వెళ్లాడట. ఈస్టరుకు వస్తాను, నాకు ఒక బన్ను దాచిపెట్టమని చెప్పాడట. ఆ ఈస్టరుకు రాలేదు, తర్వాతా రాలేదు. ఆ తల్లి మాత్రం ప్రతి ఏడూ ఒక బన్ను చేసి పాతవాటి పక్కన వేలాడదీసేదట. తర్వాత ఆ చోట కట్టిన సత్రం లాంటి దుకాణానికి విధవ కొడుకు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గుడ్ ఫ్రైడే నాడు ఒక నావికుడు వచ్చి అక్కడి వలలో కొత్త బన్ను వేసే ఆచారం సాగుతూ వచ్చింది. ఈ కథ చెబుతుంటే మాలో ఇద్దరికి కళ్లనీళ్లు ఆగలేదు. వాళ్ల పిల్లలు దుబాయిలో ఉన్నారు.

గుడ్ ఫ్రైడే నాడు కాల్చిన బన్ను ఏడాదంతా బూజు పట్టదని, దాన్ని వంటింట్లో వేలాడదీస్తే ఇంటికి మంచిదని ఇంగ్లండులో పాతకాలంలో నమ్మేవాళ్లు. ఆ నమ్మకం వాళ్లది. మేము అమ్మే బన్ను ఆయుష్షు మాత్రం ఏప్రిల్ ఎండల్లో రెండు రోజులే. ఆ మాటే డబ్బా మీద రాస్తాం.

మన దగ్గరికి ఎట్లా వచ్చింది

సికింద్రాబాద్ కంటోన్మెంటు ఊరు, రైల్వే ఊరు. లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. గుడ్ ఫ్రైడే పొద్దున వాళ్ల ఇళ్లలో ఈ బన్ను ఉండేది. మాలో ఇద్దరు చిన్నప్పుడు అట్లాంటి ఒక ఇంట్లో పనికి వెళ్లేవాళ్లు. పిండి పిసకడం అక్కడే చూశారు. మిగతా వాళ్లకు ఇరానీ హోటల్ బన్ మస్కా తెలుసు, బేకరీలో టూటీఫ్రూటీ పెట్టిన దిల్‌ఖుష్ తెలుసు. అందుకని బన్ను మాకు కొత్త కాదు. అందులో దాల్చినచెక్క వాసన రావడమే కొత్త.

మొదట్లో సంఘంలో ఒక ప్రశ్న వచ్చింది. "వాళ్ల పండుగ రొట్టె మనం చేయొచ్చునా?" అని. మా క్రైస్తవ సభ్యులనే అడిగాం. వాళ్లు రెండే మాటలు చెప్పారు. శుభ్రంగా చేయండి, ఆ రోజు చాలామంది ఉపవాసం ఉంటారు కాబట్టి గుడ్డు వేయకండి అన్నారు. ఈ రెండింటినీ సంఘం సమావేశంలో తీర్మానంగా రాసుకున్నాం. ఆ రోజు మా క్రైస్తవ సభ్యులకు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు చర్చిలో ఆరాధన ఉంటుంది. కాబట్టి శుక్రవారం పని మిగతావాళ్లం తీసుకున్నాం, గురువారం పని వాళ్లు తీసుకున్నారు.

చేసే పద్ధతి

12 బన్నులకు కొలత చెబుతున్నాం. రాసుకోండి.

మైదా అర కిలో. పాలు 270 మిల్లీలీటర్లు. చక్కెర 75 గ్రాములు. వెన్న 60 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు. ఉప్పు 8 గ్రాములు. దాల్చినచెక్క పొడి చెంచాన్నర, జాజికాయ పొడి అర చెంచా, శొంఠి పొడి అర చెంచా, లవంగాల పొడి పావు చెంచా. కిస్మిస్ 120 గ్రాములు. చక్కెర పాకంలో ఊరిన నారింజ తొక్క ముక్కలు గానీ టూటీఫ్రూటీ గానీ 50 గ్రాములు. సంత్రా దొరికితే దాని పైతొక్క తురిమి వేయండి. తెల్లభాగం రానీయవద్దు, చేదు వస్తుంది.

కిస్మిస్‌ను ముందుగా వేడి నీళ్లలోనో టీ డికాషన్‌లోనో పావుగంట నానబెట్టి, వడకట్టి, బట్ట మీద ఆరబెట్టాలి. నానబెట్టకపోతే అది పిండిలో తడిని పీల్చుకుంటుంది, మర్నాటికి బన్ను పొడిపొడి అవుతుంది. ఆరబెట్టకపోతే పిండి జారుడైపోతుంది.

మైదా, చక్కెర, మసాలా, ఉప్పు కలిపి, ఆ తర్వాత ఈస్ట్ కలపాలి. ఈస్ట్ ప్రాణమున్న వస్తువు. ఉప్పు గుట్టగా దాని మీద పడకూడదు. మరిగే పాలు పోస్తే చచ్చిపోతుంది. ఇంగ్లండు పద్ధతిలో పాలు గోరువెచ్చగా పోయమంటారు. అక్కడ చలి కాబట్టి ఆ మాట. మన ఏప్రిల్‌లో వంటిల్లే వెచ్చగా ఉంటుంది, మేము ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పాలే పోస్తాం. లేకపోతే పిండి మనకన్నా ముందు పరుగెత్తుతుంది.

పాలు పోసి ముద్ద చేశాక పది నిమిషాలు పిసకాలి. ఆ తర్వాత మెత్తటి వెన్న కొంచెం కొంచెంగా కలుపుతూ ఇంకో ఏడెనిమిది నిమిషాలు పిసకాలి. చపాతీ పిండిలాగా ఆపేయొద్దు. చిన్న ముద్ద తీసి రెండు చేతులతో మెల్లగా సాగదీస్తే తెగకుండా పల్చటి పొరలాగా రావాలి, వెలుతురు కనపడాలి. అప్పుడు అయినట్టు. కిస్మిస్, తొక్క ముక్కలు ఆ తర్వాతే కలపాలి. ముందే వేస్తే పండ్లు నలిగిపోతాయి, పిండి నల్లబడుతుంది.

తడిబట్ట కప్పి పొంగనివ్వాలి. పుస్తకాల్లో గంటన్నర, రెండు గంటలు అని ఉంటుంది. మా ఇంట్లో ఏప్రిల్‌లో 45 నిమిషాల నుంచి గంటకే రెండింతలు అయింది. గడియారం చూడొద్దు, పిండిని చూడండి. వేలికి మైదా అద్దుకొని గుచ్చితే గుంట మెల్లగా పైకి రావాలి. వెంటనే లేస్తే ఇంకా కొంచెం ఆగాలి. అసలు లేవకపోతే సమయం దాటిపోయినట్టు.

మసాలా ఎక్కువైతే వాసన బాగుంటుందని ఇంకో చెంచా వేయబోతారు. దాల్చినచెక్క, లవంగం ఎక్కువైతే ఈస్ట్ పని మందగిస్తుంది. అందుకే కొలత దాటొద్దు.

పొంగిన పిండిని 12 భాగాలు చేయండి. ఒక్కోటి 90 గ్రాములు వస్తుంది. తూకం తప్పనిసరి. కంటికి ఒకటే అనిపించినా ఓవెన్‌లో చిన్నది మాడుతుంది, పెద్దది లోపల పచ్చిగా ఉంటుంది. గుండ్రంగా చుట్టేటప్పుడు పైకి కనపడే కిస్మిస్‌ను లోపలికి నొక్కేయండి. పైన ఉంటే మాడి చేదెక్కుతుంది. ట్రేలో రెండు వేళ్ల సందు ఉంచి పేర్చి, మళ్లీ అరగంట పొంగనివ్వాలి.

శిలువకు ఆరు పెద్ద చెంచాల మైదాలో అన్నే చెంచాల నీళ్లు పోసి జారుగా, మెహందీ కోన్‌లోంచి వచ్చేంత చిక్కగా కలపండి. పాల కవరు మూల కత్తిరించి కోన్ చేసుకోవచ్చు. మా ముస్లిం చెల్లెలు ఒకామె మెహందీ పెడుతుంది. గీతలన్నీ ఆమే వేసింది. ఒక్క గీత వంకర పోలేదు.

ఓవెన్ ముందే 190 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. బన్ను తిరగేసి అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. బయటికి తీయగానే రెండు చెంచాల చక్కెర, రెండు చెంచాల నీళ్లు మరిగించిన పాకం బ్రష్‌తో పూయండి. అద్దంలా మెరుస్తుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూస్తే లోపల చెమట పట్టి మర్నాటికి బూజు వస్తుంది.

ఒక ఓవెన్, ఎన్ని బన్నులు?

ఇంట్లో పెట్టుకునే ఓటీజీలో ఒక్కసారికి ఒక ట్రే, 12 బన్నులు. కాల్చడానికి 20 నిమిషాలు, తీసి పెట్టడానికి, వేడి మళ్లీ అందుకోవడానికి ఐదు నిమిషాలు. అంటే 25 నిమిషాలకు 12. మొత్తం పిండి ఒకేసారి కలిపితే మొదటి ట్రే బాగుంటుంది. ఆఖరి ట్రే వంతు వచ్చేసరికి పిండి పొంగి పొంగి పుల్లబడి కుంగిపోతుంది. అందుకని 25 నిమిషాలకు ఒక ముద్ద చొప్పున కలుపుతూ వచ్చాం. గోడ మీద చాక్‌పీసుతో రాసుకున్నాం, ఏ గిన్నె ఎప్పుడు కలిపాం, ఏ ట్రే ఎప్పుడు లోపలికి పోయింది అని. రోజుకు 8 ట్రేలు, 96 బన్నులు. అంతకు మించి ఆర్డరు తీసుకోలేదు. వచ్చినవాళ్లకు కాదని చెప్పడం కష్టమే. కానీ పచ్చి బన్ను ఒక్కటి పోతే వచ్చే ఏడు పది ఇళ్లు పోతాయి.

ఓటీజీ రెండు వేల వాట్ల దాకా కరెంటు లాగుతుంది. మామూలు ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టొద్దు. గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు ఉండాలి. మిక్సీ, ఇస్త్రీపెట్టె అదే లైను మీద నడపొద్దు. కరెంటు పోయే ప్రాంతమైతే కాల్చే వేళ దానికి తగ్గట్టు పెట్టుకోండి. కరెంటు పోతే పొంగిన పిండిని వెంటనే ఫ్రిజ్‌లో పెడితే కొంతసేపు ఆగుతుంది.

ఇక్కడ అసలు మాట

అక్కలారా, పిండి సంగతి ఎవరైనా నేర్పుతారు. ఈ సభలో మేము ముఖ్యంగా చెప్పాలనుకున్నది ధర గురించి.

ఆర్డర్లు మొదలైన వారంలో ఒక దుకాణం వాళ్లు వచ్చి రుచి చూశారు. బాగుందన్నారు. బన్నుకు 18 రూపాయలు ఇస్తాం, మొత్తం మేమే తీసుకుంటాం అన్నారు. మేము 30 అన్నాం. దానికి వాళ్లు అన్న మాట ఇది. "ఇంట్లోనే కదమ్మా చేసేది. షాపు కిరాయి లేదు, పనోళ్లు లేరు. మీకు ఖర్చేముంది?"

ఆ రాత్రి సంఘం కూర్చుంది. మాలో కొందరు 18కి ఇచ్చేద్దామన్నారు. "ఖాళీగా ఉండేకన్నా నయం, ఓవెన్ కిస్తీ కట్టాలె కదా" అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఓవెన్ సంఘం నిధి నుంచి అంతర్గత అప్పుగా కొన్నాం. నెలనెలా కిస్తీ ఉంది. అందుకే మాటలతో తేల్చుకోకుండా కాగితం మీద లెక్క వేశాం. ఆ లెక్క చదువుతాం. ధరలు మేము కొన్నప్పటివి, సుమారుగా. మీరు మీ కిరాణా ధర వేసుకోండి.

12 బన్నులకు మైదా 25 రూపాయలు. పాలు 18. చక్కెర 5. వెన్న 36. ఈస్ట్ 8. కిస్మిస్ 45. తొక్క ముక్కలు 10. మసాలాలు 10. కరెంటు 10. డబ్బా, లేబులు 18. మొత్తం 185. ఒక బన్నుకు సరుకే పదిహేనున్నర పడింది.

ఇక మనుషుల సంగతి. 48 బన్నులకు ఇద్దరు ఆడవాళ్లు నాలుగేసి గంటలు పనిచేశారు. అంటే ఎనిమిది గంటలు. సరుకు తేవడం, గిన్నెలు తోమడం, డబ్బాలు సర్దడం అన్నీ కలిపి.

18 రూపాయలకు అమ్మితే సరుకు పోను బన్నుకు రెండున్నర రూపాయలు మిగులుతుంది. 48 బన్నులకు 120 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 15 రూపాయలు. ఈ అంకె చదవగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా పెద్దక్క ఒకామె, ఇళ్లలో పాచిపని చేసే ఆమె, అన్నది: "గంటకు పదిహేనుకు నన్నెవరైనా గిన్నెలు తోమమంటే నేను పోతనా? మరి నా ఇంట్ల నేనే ఎందుకు పోవాలె?"

30 రూపాయలకు అమ్మితే సరుకు పోను బన్నుకు పద్నాలుగున్నర. 48కి 696 రూపాయలు. గంటకు 60 చొప్పున కూలి 480 తీసేస్తే 216 మిగులుతుంది. విరిగిన బన్నులు, ఆటో ఖర్చు, ఓవెన్ అరుగుదల, సంఘం నిధి అందులోంచి పోవాలి. అంటే 30 అన్నది అత్యాశ ధర కాదు. బతుకు ధర.

దుకాణానికి ఇవ్వలేదు. క్వార్టర్లలో, చర్చి దగ్గరి ఇళ్లలో ముందుగా ఆర్డరు రాయించుకొని, సగం డబ్బు బయానా తీసుకొని చేశాం. "ఏందక్కా, బన్నుకు ముప్పై రూపాయలా?" అన్నవాళ్లు ఉన్నారు. కొందరు తీసుకోలేదు. తీసుకున్నవాళ్లకు ఒక్క బన్ను కూడా తక్కువ తూకంలో పోలేదు. రోజుకు 96 పెట్టుకున్నాం కాబట్టి సరుకు మిగిలిపోయి పారేయాల్సిన పని పడలేదు.

ఇక్కడ ఇంకో మాట. కూలి డబ్బు ఎవరు ఎన్ని గంటలు చేస్తే వాళ్లకే పంచాం. అందరికీ సమానంగా అని పంచలేదు. పిండి పిసికిన చేతికి ఎక్కువ, సంతకం పెట్టిన చేతికి తక్కువ. దీనికి పొదుపు పుస్తకం పక్కన ఒక గంటల పుస్తకం పెట్టాం. పేరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, చేసిన పని. అంతే. మొదట్లో "మన సంఘంలో కూడా హాజరు పుస్తకమా" అని నవ్వినవాళ్లు, డబ్బులు పంచే రోజు ఆ పుస్తకమే ముందు తెరిచారు.

చట్టం అడిగేది

ఇంట్లో చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. 2025లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉండే చిన్నవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోయేది, పెద్ద లైసెన్సు అక్కర్లేకపోయేది. అప్పుడు ఏటి రుసుము 100 రూపాయలు ఉండేది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయాలి. ఫొటో, గుర్తింపు కార్డు కావాలి. ఆ నంబరు డబ్బా మీద ఉండాలి.

డబ్బా మీద ఇంకా పదార్థం పేరు, అందులో ఏమేం వేశారు, బరువు, చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, చేసినవాళ్ల చిరునామా రాయాలి. గుడ్డు వేస్తే మన దేశంలో అది మాంసాహారం కింద లెక్క, గోధుమరంగు గుర్తు వేయాలి. వేయకపోతే ఆకుపచ్చ చుక్క. మైదా, పాలు ఉన్నాయన్న మాట స్పష్టంగా రాయండి. అవి పడనివాళ్లు ఉంటారు.

మైదా కొనేటప్పుడు, రొట్టె బాగా పొంగడానికని అమ్మే పొడుల విషయంలో జాగ్రత్త. పొటాషియం బ్రోమేట్ అనే దాన్ని రొట్టెల్లో వాడకూడదని 2016లోనే నిషేధించారు. మంచి పిసుకుడు ఉంటే ఏ పొడీ అక్కర్లేదు.

ఒక్క వారం బన్నుతో ఓవెన్ అప్పు తీరదు

ఇది దాచకుండా చెప్పాలి. గుడ్ ఫ్రైడే బన్ను అమ్ముడయ్యేది ఏడాదికి ఒక్క వారం. ఆ ఒక్క వారం చూసి ఎవరూ ఓవెన్ కోసం అప్పు తీసుకోవద్దు. ఓవెన్ పన్నెండు నెలలూ పనిచేస్తేనే కిస్తీ బరువనిపించదు. మేము మిగతా నెలల్లో పాల బన్నులు, దిల్‌ఖుష్, జొన్న బిస్కెట్లు చేస్తున్నాం. డిసెంబరులో ప్లమ్ కేకులు ఉంటాయి. బన్నుకు వాడిన కిస్మిస్, తొక్క ముక్కలే కేకుకూ పనికొస్తాయి.

పండుగ తేదీ కూడా ప్రతి ఏడూ మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టరు. దానికి ముందు శుక్రవారం గుడ్ ఫ్రైడే. 2026లో అది ఏప్రిల్ 3, 2027లో మార్చి 26. ఆర్డర్లు రెండు వారాల ముందే రాయించుకోవాలి. మార్చి 31కి బ్యాంకు లింకేజీ లెక్కలు, పుస్తకాల ముగింపు ఉంటాయి. రెండు పనులూ ఒకే మనిషి మీద పడకుండా ముందే పంచుకోండి.

సమాఖ్యను మేము కోరేవి

ఒకటి. బన్నులే కాదు, పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఏవి చేసినా ధర పెట్టే ముందు గంటల కూలి కలిపి లెక్క వేసే ఒక పేజీ ఫారం సమాఖ్య తయారు చేసి ప్రతి సంఘానికీ ఇవ్వాలి. సంఘం ఆ ఫారం నింపకుండా ఏ దుకాణానికీ సరుకు ఒప్పుకోకూడదు. ఒక సంఘం 30 అని, పక్క సంఘం 18 అంటే నష్టం ఇద్దరికీ.

రెండు. సమాఖ్య భవనంలో వెనక గది ఖాళీగా ఉంది. అక్కడ ఒక పెద్ద ఓవెన్, పిండి కలిపే యంత్రం పెట్టి, వంతులవారీగా సంఘాలకు గంటల లెక్కన అద్దెకు ఇవ్వాలి. ప్రతి సంఘం విడిగా అప్పు చేయాల్సిన పని ఉండదు. పద్దెనిమిది నిమిషాలు చేతితో పిసకలేని పెద్దవాళ్లు కూడా అప్పుడు ఈ పనిలోకి రాగలుగుతారు.

మూడు. ఆహారం చేసే సంఘాలన్నిటికీ రిజిస్ట్రేషన్ దరఖాస్తులు ఒకే రోజు కూర్చోబెట్టి చేయించాలి.

నేర్చుకోవాలనుకునే సంఘాలకు మేము నేర్పుతాం. బస్తీ సమాఖ్యకు ఇద్దరు చొప్పున రండి. అర కిలో మైదా, గంటల పుస్తకం రెండూ తెచ్చుకోండి. మైదా మర్చిపోతే మా దగ్గర ఉంది. గంటల పుస్తకం మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

పై మూడు కోరికలనూ ఈ సభ ముందు తీర్మానం కోసం పెడుతున్నాం. చర్చించి నిర్ణయం చేయమని కోరుతున్నాం.